మహానగర స్థల ప్రణాళికను ఐరోపా ప్రాంతీయాభివృద్ధి లక్ష్యాలతో ముడివేయడం ఎలా: వార్సా ఉదాహరణగా సమగ్ర మార్గదర్శి

ఒక నగరంలో ఏ నేలను దేనికి వాడాలో, ఎక్కడ ఎన్ని అంతస్తులు కట్టుకోవచ్చో, ఏ ఖాళీ స్థలం పార్కుగానే మిగలాలో నిర్ణయించే అధికారం యూరోపియన్ యూనియన్‌కు లేదు. ఆ అధికారం సభ్యదేశాల చట్టాలది, ఆ చట్టాల కింద పనిచేసే స్థానిక పాలక సంస్థలది. అయినా 1975లో మొదలైన యూరోపియన్ ప్రాంతీయాభివృద్ధి నిధి, ఆ తరువాత వచ్చిన సమైక్యతా నిధి ఇచ్చిన డబ్బుతో మెట్రో స్టేషన్లు, ట్రామ్ మార్గాలు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు ఎక్కడెక్కడ వెలిశాయో దాన్ని బట్టే అనేక నగరాలు ఏ దిక్కుకు పెరగాలో తేలిపోయింది. అందువల్ల నగర ప్రణాళికా విభాగం గీసే పటమూ, నిధుల విభాగం రాసే దరఖాస్తూ ఒకదానికొకటి తెలియకుండా సాగితే నష్టపోయేది నగరమే.

ఈ రెండింటినీ ఎలా ముడివేయాలో వార్సా నగరం ఆధారంగా వివరించడం ఈ వ్యాసం పని. ఐరోపాలో ప్లానింగ్ చదువుతున్న, కన్సల్టెన్సీలలో పనిచేస్తున్న తెలుగువారికి ఈ విషయం తమ భాషలో దొరకడం అరుదు కనుక కొంత వివరంగానే చెబుతాను. వార్సాను ఎంచుకోవడానికి మూడు కారణాలున్నాయి. 18 లక్షలకు పైగా జనాభా ఉన్న ఈ రాజధాని ఐరోపా నిధులతో తన రవాణా వ్యవస్థను గణనీయంగా మార్చుకుంది. చుట్టూ వెనుకబడిన ప్రాంతం ఉండగా మధ్యలో సంపన్న నగరంగా నిలవడం వల్ల నిధుల లెక్కలో ప్రత్యేకమైన చిక్కును ఎదుర్కొంటోంది. పైగా 2023లో పోలండ్ తన స్థల ప్రణాళికా చట్టాన్ని మౌలికంగా సవరించడంతో, కొత్త భూవినియోగ ప్రణాళికా 2021–2027 నిధుల కార్యక్రమమూ ఒకే కాలంలో నగరం చేతికి వచ్చాయి.

నా అభిప్రాయాన్ని ముందే చెప్పేస్తాను. ప్రతి ప్రాజెక్టూ ఏదో ఒక ఐరోపా లక్ష్యంతో ముడిపడకముందే పటం మీద ఒక చోటుతోనూ, ఆ చోటుకు చట్టబద్ధంగా నిర్ణయమైన వినియోగంతోనూ ముడిపడాలి. కింది అంచెలన్నీ ఆ క్రమాన్ని కాపాడుకోవడానికే.

మొదటి అంచె: ఏ పత్రానికి ఎంత బలముందో తేల్చుకోవడం

ఐరోపా స్థాయిలో నగరాల గురించి మాట్లాడే పత్రాలు చాలా ఉన్నాయి, కాని వాటన్నిటికీ ఒకే బలం లేదు. ఆర్థిక, సామాజిక, ప్రాదేశిక సమైక్యతను లక్ష్యంగా నిలిపే 174వ అధికరణం యూరోపియన్ యూనియన్ పనితీరు ఒప్పందంలో భాగం. నిధుల ఉమ్మడి నియమాలను చెప్పే 2021/1060 నిబంధన, ప్రాంతీయాభివృద్ధి నిధికీ సమైక్యతా నిధికీ వర్తించే 2021/1058 నిబంధన నేరుగా అమలయ్యే చట్టాలు. వీటిని పాటించని ఖర్చు తిరిగి రాదు. 2020 నవంబర్ 30న ఆమోదం పొందిన కొత్త లైప్‌జిగ్ చార్టర్, ఆ మరునాడు ఆమోదం పొందిన ప్రాదేశిక అజెండా 2030 మాత్రం మంత్రుల స్థాయిలో కుదిరిన అంగీకారాలు. మొదటిది న్యాయమైన, హరితమైన, ఉత్పాదకమైన నగరం కావాలంటుంది. రెండవది సమతుల ఐరోపా, రాకపోకలను బట్టి ఏర్పడే ప్రాంతాలు, సరిహద్దులు దాటిన సహకారం, ఆరోగ్యకరమైన పర్యావరణం, వాడిన వనరులనే మళ్లీ వాడుకునే వలయ ఆర్థిక వ్యవస్థ, సుస్థిర అనుసంధానం అనే ఆరు ప్రాధాన్యాలను ఉంచుతుంది. ఇవి ఆలోచనకు దారి చూపుతాయే తప్ప ఏ దరఖాస్తునూ గట్టెక్కించవు.

చట్టబలమున్న రెండు నిబంధనలలో నగర ప్రణాళికా విభాగం పంక్తి పంక్తీ చదవవలసిన చోట్లు రెండు. ఉమ్మడి నియమాలలోని 29వ అధికరణం ప్రాదేశిక వ్యూహంలో ఏమేమి ఉండాలో చెబుతుంది: ఏ భౌగోళిక పరిధికి వర్తిస్తుందో, ఆ పరిధి అవసరాలూ అవకాశాలూ ఏమిటో, వాటిలో ఆర్థిక, సామాజిక, పర్యావరణ అంశాలు ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయో, వాటిని సమగ్రంగా ఎలా ఎదుర్కోబోతున్నారో, భాగస్వాములను ఎలా కలుపుకున్నారో రాయాలి. రెండవ నిబంధనలోని 11వ అధికరణం ప్రాంతీయాభివృద్ధి నిధిలో కనీసం 8 శాతాన్ని ప్రతి దేశమూ సుస్థిర పట్టణాభివృద్ధికి కేటాయించాలంటుంది. 2014–2020 కాలంలో ఈ వాటా 5 శాతం.

రెండవ అంచె: నగరం ఏ వర్గం ప్రాంతంలో ఉందో చూసుకోవడం

తలసరి జీడీపీ యూనియన్ సగటులో 75 శాతానికి తక్కువ ఉంటే తక్కువ అభివృద్ధి చెందిన ప్రాంతం, 75 నుంచి 100 శాతం మధ్య ఉంటే పరివర్తన ప్రాంతం, ఆపైన ఉంటే అధికంగా అభివృద్ధి చెందిన ప్రాంతం. డబ్బు ఎంత వస్తుందో, ఖర్చులో ఎంత శాతం వస్తుందో, దేని మీద పెట్టాలో ఈ వర్గమే నిర్ణయిస్తుంది.

వార్సా కథ ఇక్కడే ఆసక్తికరంగా ఉంటుంది. మజోవియా రాష్ట్రమంతా గణాంకాలలో ఒకే ప్రాంతంగా ఉన్నంత కాలం రాజధాని సంపద వల్ల మొత్తం సగటు పెరిగి, రాష్ట్రంలోని పేద జిల్లాలు కూడా సంపన్న ప్రాంతం లెక్కలోకి వచ్చేవి. 2018 నుంచి అమలైన గణాంక విభజనలో వార్సా, దాని చుట్టూ ఉన్న 9 జిల్లా స్థాయి పాలనా విభాగాలు, అంటే పొవ్యత్‌లు కలిసి రాజధాని ప్రాంతం అయ్యాయి, మిగిలిన మజోవియా వేరే ప్రాంతం అయింది. ఫలితంగా 2021–2027లో రాజధాని ప్రాంతానికి ఐరోపా వాటా 50 శాతం దగ్గర ఆగితే, మిగిలిన మజోవియాకు 85 శాతం దాకా వస్తుంది. ఒకే రాష్ట్ర కార్యక్రమం ఈ రెండు ప్రాంతాలకూ డబ్బు పంచుతుంది. దాని మొత్తం 200 కోట్ల యూరోలకు పైగా ఉన్నా రాజధాని ప్రాంతపు భాగం అందులో చిన్నది.

ప్రణాళికా విభాగం దీనినుంచి గ్రహించవలసిన విషయం ఏమిటంటే, ఒక ప్రాజెక్టుకు సగం ఖర్చు నగరమే భరించాలి కనుక ఆ సగానికి బడ్జెట్ హామీ లేని ఆలోచనను వ్యూహంలో రాయకూడదు. మెట్రో, ట్రామ్ వంటి భారీ పనులు రాష్ట్ర కార్యక్రమానికి సరిపోవు. వాటిని మౌలిక వసతులు, వాతావరణం, పర్యావరణం కోసం ఉన్న ఫేనిక్స్ అనే జాతీయ కార్యక్రమం వైపు నడిపించాలి. ఏ ప్రాధాన్యానికి ఏ ద్వారం అన్నది మొదట్లోనే తేల్చుకోకపోతే ఆ తరువాత చేసే పని చాలావరకు వృథా అవుతుంది.

మూడవ అంచె: పరిధిని పాలనా సరిహద్దుతో కాక రాకపోకలతో గీయడం

వార్సా నగర సరిహద్దు 517 చదరపు కిలోమీటర్లను చుట్టి ఉంటుంది. అక్కడ పనిచేసేవారి జీవితం మాత్రం ఆ గీత దగ్గర ఆగదు. ఉదయం ప్రుష్కూఫ్, లెగియోనోవో, ఒత్వొత్స్క్ వంటి శివారు పట్టణాల నుంచి సబర్బన్ రైళ్లు నింపుకొచ్చే జనం నగరపు పగటి జనాభాలో భాగమే, వారు పన్ను కట్టేది మాత్రం వేరే గ్మినాకు, అంటే వేరే స్థానిక పాలక సంస్థకు. ప్రాదేశిక అజెండా రాకపోకలను బట్టి ఏర్పడే ప్రాంతాల గురించి మాట్లాడటం వెనుక, అనేక గ్మినాలు కలిసి ఒకే వ్యూహంతో ఐరోపా నిధులు వాడుకునే సమగ్ర ప్రాదేశిక పెట్టుబడి అనే సాధనం పుట్టడం వెనుక ఉన్న కారణం ఇదే. పోలండ్ అధికారులు దాన్ని జిట్ అని క్లుప్తంగా పిలుస్తారు. 2014–2020లో వార్సా జిట్‌లో 40 గ్మినాలు ఉండేవి, 2021–2027లో రాజధాని ప్రాంతంలోని 70 గ్మినాల పరిధికి అది విస్తరించింది.

పరిధి గీసేటప్పుడు చేయవలసిన పని ఓపికతో కూడినది. ఉద్యోగానికి వెళ్లేవారి ప్రయాణ గణాంకాలు, రైలు టికెట్ల మండలాలు, నీటి సరఫరా, మురుగునీటి వ్యవస్థల హద్దులు, పచ్చని వనాల వరుస, గాలి నగరంలోకి వచ్చే మార్గాలు – వీటిని పొరలుపొరలుగా ఒకే పటం మీద వేయాలి. ఏ రెండు పొరల హద్దులూ పూర్తిగా కలవవు, కలవనవసరం కూడా లేదు. ఎక్కువ పొరలు ఎక్కడ చిక్కగా పడ్డాయో అది అంతర పరిధి, అక్కడి గ్మినాలతో ఉమ్మడి ప్రాజెక్టులు రాయాలి. పలుచగా పడిన చోట ఒకటి రెండు అంశాల మీదే సహకారం చాలు. 70 గ్మినాలనూ అన్ని విషయాలలోనూ సమానంగా చూస్తే ప్రతి మేయర్‌కూ ఒక చిన్న ముక్క పంచిపెట్టినట్టవుతుంది, ఏ ముక్కా మరో ముక్కతో కలవదు.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. సైకిల్ మార్గాలు, రైలు స్టేషన్ల దగ్గర కారు వదిలి రైలెక్కే పార్కింగ్ స్థలాలు వార్సా జిట్‌లో మొదటి నుంచీ ముఖ్యమైన పనులు. ఒక గ్మినా తన హద్దు దాకా చక్కటి సైకిల్ మార్గం వేసి, అవతలి గ్మినా ప్రణాళికలో దాని కొనసాగింపుకు స్థలమే లేకపోతే, పూర్తయిన కిలోమీటర్ల లెక్క పుస్తకంలో నిండుతుంది కాని సైకిల్ మీద స్టేషన్ చేరవలసిన మనిషికి ఉపయోగపడదు. అందుకే గ్మినాల మధ్య కుదిరే ఒప్పందంలో డబ్బు పంపకంతోపాటు, మార్గం హద్దు దాటే ప్రతి చోటా ఇరువైపుల ప్రణాళికలలో ఒకే వెడల్పు స్థలం కేటాయిస్తామన్న షరతు రాసుకోవాలి.

నాలుగవ అంచె: ప్రాధాన్యాలను చోటు చెప్పే వాక్యాలుగా తిరగరాయడం

నగర వ్యూహాలలో ‘సుస్థిర రవాణాను ప్రోత్సహిస్తాం’, ‘పచ్చదనాన్ని పెంచుతాం’ వంటి వాక్యాలు కోకొల్లలు. 2018లో ఆమోదించిన వార్సా 2030 వ్యూహంలోనూ పెద్ద ఆశయాలున్నాయి, ఉండటం అవసరం కూడా. కాని నిధుల అధికారికి అందవలసిన వాక్యంలో ఎవరికి, ఎక్కడ, ఏ లోటు ఉందో, దాన్ని ఏ నేల మీద ఏ పనితో తీరుస్తామో ఉండాలి.

నగరపు సొంత అనుభవంలో రెండు చోట్లను దగ్గరగా చూద్దాం. మొదటిది దక్షిణాన ఉన్న విలానూఫ్. 2000ల తొలి ఏళ్ల నుంచి అక్కడ వేలాది ఫ్లాట్లతో కొత్త నివాస ప్రాంతం లేచింది. ప్రధాన వీధి మధ్యలో ట్రామ్ కోసం వెడల్పాటి పట్టీ వదిలి ఉంచారు. ట్రామ్ మాత్రం 2024 అక్టోబర్ 29న గాని రాలేదు, అదీ ఐరోపా నిధుల తోడ్పాటుతో. అంతకాలం అక్కడివారు కార్లతో, బస్సులతో నెట్టుకొచ్చారు. ఇళ్లకు అనుమతులిచ్చే గడియారం, రవాణాకు డబ్బు తెచ్చే గడియారం వేర్వేరుగా నడవడం వల్ల కలిగిన కష్టం అది. అయితే ఆ పట్టీని ఎవరికీ అమ్మకుండా, దాని మీద ఏదీ కట్టనివ్వకుండా ఇరవై ఏళ్లు కాపాడటం ప్రణాళికా విభాగం చేసిన గొప్ప మేలు. డబ్బు వచ్చిన రోజున ఆ వీధిలో ట్రామ్‌కు దారి సిద్ధంగా ఉంది.

రెండవది విస్తులా నదికి తూర్పున ఉన్న ప్రాగా. రెండవ ప్రపంచ యుద్ధంలో ఎడమ గట్టున నగరం దాదాపు నేలమట్టమైనా, ప్రాగా పాత భవనాలు చాలావరకు నిలిచాయి. తరువాతి దశాబ్దాల్లో వాటిని పట్టించుకోకపోవడంతో అక్కడ బొగ్గు పొయ్యిలతో ఇల్లు వెచ్చబరచుకునే కుటుంబాలు, నిరుద్యోగం, శిథిలమైన పెరళ్లు పేరుకుపోయాయి. 2015 మార్చి 8న రెండవ మెట్రో లైన్ నది కింది నుంచి సాగి ద్వోజెత్స్ విలెన్‌స్కి స్టేషన్ దగ్గర ప్రాగాను చేరింది. 2019లో త్రోత్స్కా దాకా, 2022లో బ్రుద్నో దాకా సాగింది. అదే కాలంలో ప్రాగా ఉత్తర, దక్షిణ జిల్లాలకూ తర్గూవెక్‌కూ కలిపి నగరం 2022 వరకు సమగ్ర పునరుజ్జీవన కార్యక్రమం నడిపింది. మెట్రో ఒక్కటే వస్తే అద్దెలు పెరిగి పాతవారు ఖాళీ చేసే ప్రమాదం ఉంటుంది. మెట్రోతోపాటు పురపాలక ఇళ్లకు కేంద్రీకృత వేడినీటి వ్యవస్థ, పెరళ్ల బాగు, సామాజిక సేవలు కలిసి నడిస్తేనే పాతవారికి మేలు జరుగుతుంది. 29వ అధికరణం అడిగే సమగ్ర దృక్పథానికి నాకు తెలిసినంతలో ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ లేదు.

కనుక ప్రతి ప్రాధాన్యాన్నీ ఈ నమూనాలో తిరగరాయండి: ‘ఫలానా స్టేషన్ చుట్టూ నడిచి చేరగల దూరంలో ఇన్ని ఇళ్లున్నాయి, అక్కడ ఇంత విస్తీర్ణం పార్కు లోటు ఉంది, పాత రైల్వే స్థలంలోని ఫలానా భాగాన్ని పచ్చని స్థలంగా మారుస్తాం, ఆ స్థలం ఫలానా సంస్థ యాజమాన్యంలో ఉంది.’ చోటు చెప్పలేని ప్రాధాన్యాన్ని వ్యూహపు ముందుమాటలో ఉంచవచ్చు, నిధుల జాబితాలో మాత్రం ఉంచకూడదు.

ఐదవ అంచె: వ్యూహాన్నీ భూవినియోగ ప్రణాళికనూ చట్టపరంగా ఒకే తాడుకు కట్టడం

మొత్తం పనికి ఇది ఆయువుపట్టు. పోలండ్‌లో 2023 దాకా స్టూడియుం అనే దిశానిర్దేశ పత్రం ఉండేది. అది ఒక్కో పేటకు విడిగా చేసే స్థానిక ప్రణాళికలకు కట్టుబాటే తప్ప పౌరులకూ బిల్డర్లకూ నేరుగా వర్తించే చట్టం కాదు. పైగా స్థానిక ప్రణాళిక లేని చోట ‘నిర్మాణ షరతుల నిర్ణయం’ అనే విడి అనుమతులతో కట్టడాలు లేచేవి, వాటికి స్టూడియుంతో సరిపోలే అవసరం లేదు. నగరం ఒక దిక్కుకు పెరగాలని పత్రం చెబుతుంటే ఇళ్లు మరో దిక్కున పొలాల్లో మొలిచేవి.

2023 జులై 7 నాటి సవరణ చట్టం స్టూడియుంను తీసేసి దాని స్థానంలో ‘ప్లాన్ ఒగుల్నీ’ అనే సాధారణ ప్రణాళికను తెచ్చింది. ఇది స్థానిక చట్టం. ప్రతి గ్మినా తన నేలనంతటినీ 13 రకాల మండలాలుగా విభజించాలి. విడి అనుమతులు ఇకపై నగరం గుర్తించిన పూరణ ప్రాంతాలలోనే, అంటే ఇప్పటికే కట్టడాలున్న చోట మిగిలిన ఖాళీలను నింపే ప్రాంతాలలోనే ఇవ్వాలి. కొత్త ఇళ్ల అవసరం ఎంతో లెక్కకట్టి, ప్రణాళిక అనుమతించే ఇళ్ల సామర్థ్యం ఆ అవసరంలో 130 శాతాన్ని మించకుండా చూడాలి. నగరాల్లో ప్రాథమిక పాఠశాలకు 1500 మీటర్లు, 3 హెక్టార్లకు తగ్గని పచ్చని స్థలానికి 1500 మీటర్లు, 20 హెక్టార్ల స్థలానికి 3000 మీటర్లు మించని దూరం అన్న ప్రమాణాలను కూడా గ్మినాలు తమ ప్రణాళికలో పెట్టుకోవచ్చు. ఈ ప్రణాళికల కోసం మొదట 2025 చివరికి పెట్టిన గడువు తరువాత 2026కు జరిగింది.

నిధుల వైపు నుంచి చూస్తే ఈ చట్టంలో విలువైన అంశం మరొకటుంది. సాధారణ ప్రణాళిక గ్మినా అభివృద్ధి వ్యూహాన్ని లేదా కొన్ని గ్మినాల ఉమ్మడి వ్యూహాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఆ వ్యూహాలలో ‘క్రియాత్మక–ప్రాదేశిక నిర్మాణ నమూనా’ అనే పటం తప్పనిసరి. ఉమ్మడి వ్యూహమే జిట్ వ్యూహంగానూ పనిచేయవచ్చు. అంటే ఒకే పటం ఒకవైపు భూవినియోగ చట్టానికీ మరోవైపు ఐరోపా నిధులకూ ఆధారమవుతుంది. ఈ పటాన్ని అలంకారంగా గీసినవారు ఈ అవకాశాన్ని చేజార్చుకున్నట్టే. రాకపోకల కేంద్రాలు, గాలి మార్గాలు, కట్టడాలు పెరగరాని లోతట్టు నేలలు, భవిష్యత్ ట్రామ్, రైలు పట్టీలు ఆ పటంలో స్పష్టమైన గీతలుగా ఉండాలి, తరువాత మండలాలుగా మారేటప్పుడు తేడా లేకుండా దిగాలి.

ఆచరణలో ఇలా చేయండి. జిట్ జాబితాలోని ప్రతి ప్రాజెక్టుకూ ఒక పేజీ కేటాయించండి. ఆ పేజీలో సర్వే నంబర్లు, ఇప్పుడున్న మండలం, రాబోయే మండలం, స్థానిక ప్రణాళిక అమల్లో ఉందో లేదో, యాజమాన్యం, ఆ నేల మీద కోర్టు వివాదాలు రాయండి. వార్సాలో ఈ చివరి అంశం చాలా బరువైనది. 1945 నాటి బీరుత్ ఉత్తర్వుతో నగర భూమి పురపాలికకు బదిలీ అయింది, పాత యజమానుల వారసుల వాదనలు దశాబ్దాలుగా నడిచాయి. అలాంటి నేల మీద పార్కు కోసం దరఖాస్తు వేసి నిధి మంజూరయ్యాక వివాదం బయటపడితే ప్రాజెక్టు ఆగిపోతుంది, నిధి గడువు మాత్రం ఆగదు.

ఆరవ అంచె: ప్రాధాన్యాలను లక్ష్యాలతో జత చేయడం, జత కుదరనివాటిని వదలడం

2021–2027 కాలానికి ఐదు విధాన లక్ష్యాలున్నాయి: పోటీతత్వం పెంచుకున్న తెలివైన ఐరోపా, తక్కువ కర్బనంతో హరిత ఐరోపా, మెరుగైన అనుసంధానం ఉన్న ఐరోపా, సామాజిక ఐరోపా, పౌరులకు చేరువైన ఐరోపా. పేర్లు చూసి జత చేయడం వల్ల చాలామంది తడబడతారు. నగర రవాణానే తీసుకోండి. మెట్రో, ట్రామ్ అనగానే మూడవ లక్ష్యమైన అనుసంధానం గుర్తుకొస్తుంది. కాని సుస్థిర బహువిధ నగర రవాణా రెండవ లక్ష్యంలో, హరిత ఐరోపాలో ఉంది. ప్రాంతీయాభివృద్ధి నిధిలో కనీసం 30 శాతం హరిత లక్ష్యానికి వెళ్లాలన్న నియమాన్ని దీనితో కలిపి చదివితే నగరాలకు ఇది ఎంత ప్రయోజనకరమో తెలుస్తుంది. భవనాల ఇంధన పొదుపు, వరద, వేడిగాలులను తట్టుకునే పనులు, పచ్చని మౌలిక వసతులు కూడా ఈ లక్ష్యం కిందివే. పేద కుటుంబాల ఇళ్లు, సామాజిక సేవలు నాలుగవ లక్ష్యానికి చెందుతాయి. ఒక పేటను అన్ని కోణాలనుంచీ బాగుచేసే పని ఐదవదానికి చెందుతుంది. మధ్యతరగతికి అందుబాటు ధరల ఇళ్లు మొదట్లో ఈ నిధి పరిధిలో పెద్దగా లేవు, 2025 మధ్యకాల సవరణలో వాటికి చోటు దొరికింది.

జత చేసేటప్పుడు నిజాయితీ అవసరం. నగరానికి అత్యవసరమైనా ఐరోపా నిధికి సరిపడని పనులు ఉంటాయి. చెత్త పూడ్చే స్థలాలు, శిలాజ ఇంధనాల వసతులు ఈ నిధికి నిషిద్ధాలు లేదా దాదాపు నిషిద్ధాలు. వాటిని ఏదో ఒక లక్ష్యం కింద ఇరికించి రాస్తే వ్యూహం మొత్తం మీద నమ్మకం పోతుంది. సొంత బడ్జెట్‌తో చేయవలసినవి, జాతీయ కార్యక్రమానికి పంపవలసినవి, జిట్‌కు పంపవలసినవి అని మూడు కుప్పలు వేసి, ప్రతి ప్రాజెక్టునూ ఒక్క కుప్పలోనే ఉంచండి.

ఏడవ అంచె: పర్యావరణ పరీక్షలను ముందుకు లాక్కోవడం

వార్సా మధ్యగా పారే విస్తులాకు కుడి గట్టున సహజమైన పొదలు, ఇసుక తిన్నెలు ఇంకా మిగిలాయి. మధ్య విస్తులా లోయ నాతురా 2000 అనే ఐరోపా ప్రకృతి రక్షణ వ్యవస్థ కింద రక్షిత ప్రాంతం. అక్కడ కాలిబాట వేయాలన్నా పక్షుల గూళ్ల కాలాన్ని గమనించాలి. ఇలాంటి చోట ప్రాజెక్టు తయారయ్యాక పర్యావరణ నివేదిక మొదలుపెడితే ఏడాదికి పైగా పోతుంది. భూవినియోగ ప్రణాళికకు 2001/42 ఆదేశం ప్రకారం వ్యూహాత్మక పర్యావరణ మదింపు ఎలాగూ చేయాలి కనుక జిట్ ప్రాజెక్టులను కూడా ఆ మదింపులోనే పేరుపేరునా పరిశీలించండి.

దీనికి తోడు, కనీసం ఐదేళ్ల ఆయుర్దాయం ఉన్న ప్రతి నిర్మాణమూ వాతావరణ మార్పులను తట్టుకుంటుందని నిరూపించాలని ఉమ్మడి నియమాలు కోరతాయి. పర్యావరణానికి గణనీయమైన హాని చేయకూడదన్న సూత్రమూ వర్తిస్తుంది. చదునైన నేల, కాంక్రీటు పెరళ్లు ఉన్న వార్సాలో ఒక్కసారిగా కురిసే వాన నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు ప్రతి డిజైన్‌లోనూ జవాబుండాలి. వికలాంగులకు అందుబాటు కూడా చివర్లో చేర్చే అంశం కాదు, అది లేకుంటే దరఖాస్తు చెల్లదు.

ఎనిమిదవ అంచె: భాగస్వాములను పటం ముందు కూర్చోబెట్టడం

భాగస్వామ్య సూత్రం ఉమ్మడి నియమాల 8వ అధికరణంలో ఉంది. సంతకాల జాబితాతో దీన్ని పూర్తిచేసినట్టు చూపవచ్చు, కాని అది పౌరులకు ఉపయోగపడదు. వ్యూహం మీద అభిప్రాయాలు అడిగే బదులు పటాన్ని ముందుంచి ‘ఈ స్టేషన్‌కు మీరు ఏ దారిన వస్తారు, ఎక్కడ ఆగిపోతారు’ అని అడగండి. సాధారణ ప్రణాళికకు జరిగే ప్రజా సంప్రదింపులూ జిట్ సంప్రదింపులూ ఒకే సభలో జరిగితే జనానికి రెండుసార్లు వచ్చే శ్రమ తప్పుతుంది, అధికారులకు రెండు జవాబులు చెప్పే అవకాశమూ ఉండదు.

తొమ్మిదవ అంచె: కొలమానాలు

నిధి నియమాలలో ఉమ్మడి సూచికలు ముందే నిర్ణయమై ఉన్నాయి. కొత్త మెట్రో, ట్రామ్ మార్గాల పొడవును ఆర్‌సీవో 55, వాటిని వాడే ప్రయాణికుల వార్షిక సంఖ్యను ఆర్‌సీఆర్ 63 కొలుస్తాయి. సమగ్ర వ్యూహాల కిందకి వచ్చే జనాభాను ఆర్‌సీవో 74, మెరుగైన పచ్చని వసతులు అందే జనాభాను ఆర్‌సీఆర్ 95 లెక్కిస్తాయి. వీటిని నివేదిక కోసమే రాయకుండా భూవినియోగ ప్రమాణాలతో జోడించండి. పాఠశాలకు, పార్కుకు దూరాల లెక్క సాధారణ ప్రణాళిక కోసం ఇప్పటికే తయారైతే, పార్కు ప్రాజెక్టు వల్ల ఎన్ని ఇళ్లు 1500 మీటర్ల పరిధిలోకి కొత్తగా వచ్చాయో అదే లెక్క చెబుతుంది. నా దృష్టిలో పొడవు, విస్తీర్ణం కన్న ఈ సంఖ్య ఎంతో విలువైనది, ఎందుకంటే మేలు ఎవరికి అందిందో అది చూపుతుంది.

పదవ అంచె: గడువులు, నేల, తదుపరి కాలం

2021 నుంచి 2026 దాకా ఏ ఏడాదికి కేటాయించిన డబ్బునైనా ఆ తరువాతి మూడేళ్లలో ఖర్చుచేసి బిల్లు పెట్టకపోతే అది వెనక్కి పోతుంది. సాధారణ నియమం ప్రకారం 2021–2027 ఖర్చులు 2029 డిసెంబర్ 31 దాకా చెల్లుతాయి. 2025 సవరణలో సూచించిన కొత్త ప్రాధాన్యాలకు నిధులు మళ్లించిన కార్యక్రమాలకు కొన్ని షరతులతో మరో ఏడాది వెసులుబాటు ఉంది. దరఖాస్తు పెట్టేలోగా పని భౌతికంగా పూర్తయితే దానికి నిధి రాదు, కనుక తొందరపడటమూ నష్టమే. నిర్మించిన వసతిని చివరి చెల్లింపు తరువాత ఐదేళ్లు ఉద్దేశించిన వినియోగంలోనే ఉంచాలి. ఆ ఐదేళ్లలో ప్రణాళికా విభాగం పొరపాటున మండలం మార్చకుండా, నిధి అందుకున్న ప్రతి స్థలాన్నీ సాధారణ ప్రణాళిక పటంలో ప్రత్యేక పొరగా గుర్తుపెట్టి ఉంచండి.

2025 జులై 16న యూరోపియన్ కమిషన్ 2028–2034 బడ్జెట్ ప్రతిపాదనలో సమైక్యతా నిధులను ప్రతి దేశానికీ ఒకే జాతీయ–ప్రాంతీయ భాగస్వామ్య ప్రణాళికలో కలపాలని సూచించింది. చర్చలు ఎటు తేలినా, నగరం దేశ ప్రభుత్వంతో నేరుగా బేరమాడవలసిన భాగం పెరిగే అవకాశం ఉంది. ఆ చర్చలకు వెళ్లే నగర ప్రతినిధి ఉమ్మడి వ్యూహంలోని నిర్మాణ నమూనా పటాన్ని, నేల వివాదాలు తేలిన ప్రాజెక్టుల పేజీలను, 70 గ్మినాల సంతకంతో ఉన్న ఉమ్మడి ప్రాధాన్యాల జాబితాను 2027 రాకముందే సిద్ధం చేసుకోవాలి. విలానూఫ్‌లో కాపాడినట్టు, డబ్బు ఇంకా రాని మార్గాల పట్టీలను కొత్త మండలాలలో ఇప్పుడే గీయించాలి.